సెన్సార్ కొనకముందు మీటర్ కొనండి

ప్రశ్న: మాది 2006 మోడల్ శాంట్రో జింగ్, పెట్రోల్, మాన్యువల్ గేరు. కొత్తపేట నుంచి లక్డీకాపూల్‌లోని ఆఫీసుకు రోజూ నేనే నడుపుకుంటూ వెళ్తాను. కొన్ని నెలలుగా ఒకటే ఇబ్బంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే బండి ఒక్క క్షణం పట్టేసినట్టయి, వెంటనే ముందుకు దూకుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఒక్కోసారి దానంతటదే రేస్ అవుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండలో ఇది ఎక్కువ. చెక్ ఇంజిన్ లైటు వస్తుంది, పోతుంది. ప్లగ్గులు మార్పించాం, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాం, తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ ‘స్కానర్‌ల కోడ్ వచ్చింది, టీపీఎస్ పోయింది, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలె, 14,000 అయితది’ అంటున్నాడు. ఇంట్లో వాళ్లేమో అమ్మేయమంటున్నారు. నిజంగా ఆ సెన్సారే పోయిందా అని ఇంటి దగ్గర నేనే చూసుకునే దారి ఏమైనా ఉందా? ఇంకో మాట, ఈ బండికి మునుపు ఎల్పీజీ కిట్ ఉండేది. నాలుగేళ్ల కిందట తీయించేశాం.
— ఓ పాఠకురాలు, కొత్తపేట

సమాధానం: మీరు చివర్లో ‘ఇంకో మాట’ అంటూ రాసిన ఎల్పీజీ సంగతే నా కంట్లో మొదట పడింది. దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు: చూసుకోవచ్చు. ఒక డిజిటల్ మల్టీమీటర్, రెండు గుండుసూదులు, పెడల్ తొక్కడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఆ పని అయ్యేదాకా థ్రాటిల్ బాడీ, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే బిళ్ల ఉండే భాగం, దాని మాట ఎత్తొద్దు. మీ బండిలో టీపీఎస్, అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్, ఆ బాడీకి పక్కన స్క్రూలతో బిగించిన విడి భాగం. అది నిజంగా పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు. మొత్తం బాడీ మార్చాలంటే బిళ్ల తిరిగే ఇరుసు అరిగిపోయో, బాడీ పగిలిపోయో ఉండాలి. మీ మెకానిక్ ఆ మాట అన్నట్టు మీరు రాయలేదు.

ఈ సెన్సార్ చేసే పని చిన్నదే. మీరు పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉన్న గుండ్రటి బిళ్ల తెరుచుకుంటుంది. అది ఎంత తెరుచుకుందో ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, చెప్పడమే టీపీఎస్ పని. లోపల వంపు తిరిగిన ఒక కార్బన్ పట్టీ, దాని మీద జరిగే ఒక ముల్లు ఉంటాయి. పట్టీ ఒక చివర 5 వోల్టులు, ఇంకో చివర ఎర్త్. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడి వోల్టేజీ మూడో వైరు మీదుగా ఈసీయూకు వెళ్తుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పుతుంటే ఒక్కచోట గరగరమని శబ్దం పోయి వచ్చేది చూడండి, అక్కడా ఇదే తరహా పట్టీ, ఇదే అరుగుదల.

అరుగుదల పట్టీ అంతటా ఒకేలా ఉండదు. చాదర్‌ఘాట్ నుంచి అబిడ్స్ దాకా మీ పెడల్ ఎప్పుడైనా సగం కిందికి దిగిందా? ఏళ్ల తరబడి ఆ ముల్లు మొదటి పావు వంతులోనే అటూ ఇటూ రుద్దుకుంటూ ఉంటుంది. అక్కడ కార్బన్ పలచబడి, చివరికి ఒక చుక్కంత ఖాళీ ఏర్పడుతుంది. ముల్లు ఆ ఖాళీ మీదకు వచ్చినప్పుడు సిగ్నల్ తెగిపోతుంది. ఈసీయూకు ‘డ్రైవర్ కాలు తీసేశాడు’ అని అర్థమై పెట్రోల్ తగ్గిస్తుంది, బండి పట్టేస్తుంది. ముల్లు ఖాళీ దాటగానే వోల్టేజీ ఒక్కసారిగా పైకి వస్తుంది. ‘పెడల్ గట్టిగా తొక్కాడు’ అనుకుని అదనంగా పెట్రోల్ కొడుతుంది, బండి దూకుతుంది. మీరు రాసిన కుదుపు సరిగ్గా ఇలాంటిదే. ఐడ్లింగ్, అంటే పెడల్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరగడం, దాని సంగతీ అంతే. పెడల్ పూర్తిగా వదిలేశారని తెలిస్తేనే ఈసీయూ ఐడ్లింగ్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ కబురు సరిగ్గా అందకపోతే రేస్ చేయనూ చేస్తుంది, ఆపేయనూ ఆపేస్తుంది.

లక్షణాలను బట్టి మెకానిక్ అనుమానం అర్థం లేనిదేం కాదు. అయితే ఇలాంటి కుదుపు ఇంకో నాలుగింటి వల్ల కూడా వస్తుంది. వాటిని నడిపే మనిషే బాగా పట్టుకోగలరు, ఎందుకంటే మెకానిక్ మహా అయితే వీధి చివరిదాకా నడిపి వస్తాడు. రేపు ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఇది గమనించండి. కుదుపు ప్రతిసారీ పెడల్ ఒకే లోతులో ఉన్నప్పుడు వస్తోందా? ఆ లోతు దాటేసి కొంచెం గట్టిగా తొక్కితే బండి హాయిగా పోతోందా? అవునంటే టీపీఎస్ వైపు మొగ్గు. అలా కాకుండా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు పికప్ లేక ఈడ్చుకుంటూ పోతుంటే పెట్రోల్ ఫిల్టరో, పంపో చూడాలి. పెడల్‌తో సంబంధం లేకుండా ఐడ్లింగ్‌లోనూ బండి ఒక లయలో వణుకుతుంటే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ వైర్లు. నడుస్తున్నప్పుడు బాగానే ఉండి, ఏసీ వేయగానే ఆగిపోతుంటే ఐడిల్ వాల్వ్, లేదంటే థ్రాటిల్ బిళ్ల చుట్టూ పేరుకున్న మసి. ఐడ్లింగ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండి, బానెట్ తెరిస్తే ఎక్కడో ‘స్స్’ మని వినపడుతుంటే వ్యాక్యూమ్ పైపు పగిలింది.

ఇక స్కానర్ చూపించిన కోడ్. టీపీఎస్‌కు సంబంధించిన కోడ్‌లు పీ0120 నుంచి పీ0124 దాకా ఉంటాయి. ఎక్కువగా కనపడేవి రెండు. పీ0122 అంటే సిగ్నల్ ఉండాల్సినదానికంటే తక్కువ, పీ0123 అంటే ఎక్కువ. ఈ రెండింట్లో ఏదీ సెన్సార్ చెడిపోయిందని చెప్పదు. ఆ వైరు మీద వచ్చే వోల్టేజీ తేడాగా ఉందని మాత్రమే చెప్తుంది. వైరు తెగినా, కప్లర్ (వైర్లను సెన్సార్‌కు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) వదులైనా, 5 వోల్టులు రాకపోయినా కోడ్ ఇదే. ఎర్త్ వైరు ఊడిపోతే పట్టీ మొత్తం 5 వోల్టుల మీదే ఉండిపోయి ‘ఎక్కువ’ కోడ్ వస్తుంది, సెన్సార్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. కాబట్టి మీ మెకానిక్‌ను అడిగి కోడ్ నంబర్ రాసుకోండి. ‘టీపీఎస్ కోడ్’ అంటే ఒప్పుకోవద్దు, నంబరే కావాలి.

ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ కొనమని కొందరు సలహా ఇస్తారు. మీ బండికి అది పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. మన దగ్గర ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే పట్టుకుని కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు, తప్పనిసరైంది 2010లో, హైదరాబాద్ లాంటి నగరాలకు బీఎస్-4 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు. రెండో దశ 2013లో వచ్చింది. మీది అంతకుముందు బీఎస్-3 కాలపు బండి. డ్యాష్‌బోర్డు కింద అదే ఆకారం సాకెట్ కనిపించినా ఆ చవక పరికరంతో కొన్ని పాత బండ్లు మాట్లాడతాయి, కొన్ని మాట్లాడవు. అన్ని కంపెనీల బండ్లకూ పనికొచ్చే పెద్ద స్కానర్ ఉన్న గ్యారేజీకే వెళ్లి, కోడ్‌తో పాటు లైవ్ డేటాలో టీపీఎస్ వోల్టేజీ చూపించమనండి. ఆ లోపు మీటర్ పని మీరు చేసేయొచ్చు.

ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి బానెట్ ఎత్తండి. లోపల ఒకరు పెడల్ తొక్కుతుంటే కేబుల్ ఎక్కడ కదులుతోందో చూడండి. ఆ కేబుల్ చివర చక్రంలా తిరిగేదే థ్రాటిల్ ఇరుసు. దానికి అటు పక్క చివర, అరచేతిలో సగం ఉండే నల్ల ప్లాస్టిక్ ముక్క, మూడు వైర్ల కప్లర్ కనిపిస్తే అదే టీపీఎస్. పక్కనే ఐడిల్ వాల్వ్ కూడా ఉండొచ్చు, కంగారు పడొద్దు. పెడల్ తొక్కినప్పుడు తిరిగే ఇరుసుకు సూటిగా ఉన్నదే మనకు కావలసింది. (ఇది చదివే వేరే పాఠకులకు: మీ బండికి యాక్సిలరేటర్ కేబుల్ లేకుండా పెడల్ దగ్గర నుంచి వైర్లే వస్తుంటే, అంటే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే, ఇక్కడి నుంచి చెప్పేవి మీకు వర్తించవు. అందులో సెన్సార్లు జంటగా ఉంటాయి, బిళ్లను మోటారు తిప్పుతుంది, వేలు పెట్టి తెరవకూడదు.)

మీటర్ ముట్టుకునే ముందు ఆ చుట్టుపక్కల కళ్లతో వెతకండి. మీ బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుందా? అయితే ఎలుకలను మర్చిపోవద్దు. వెచ్చటి ఇంజిన్ వాటికి చలికాలపు ఇల్లు, వైరు తొడుగులు వాటికి ఫలహారం. వైర్ల కట్ట మీద చిన్న పంటి గాట్లు, కింద నల్లటి రెట్టలు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. తర్వాత కప్లర్ లాగి చూడండి. లోపలి మూడు పిన్నులు మెరుస్తూ ఉండాలి. పచ్చటి పొడిలాంటిది పట్టి ఉంటే తడి చేరిందన్నమాట. బానెట్ కింద ప్రెజర్‌తో నీళ్లు కొట్టే వాటర్ సర్వీసింగ్ ఇంత మంచి సెన్సార్లను చంపుతుందని చెప్పినా మన వాళ్లు మానరు. ఇంజిన్ తళతళలాడాలి వాళ్లకు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, కప్లర్ మళ్లీ ‘టక్’ మనేదాకా నొక్కండి.

ఇంకొకటి. థ్రాటిల్ చక్రం దగ్గర, పెడల్ వదిలినప్పుడు అది వచ్చి ఆనుకునే ఒక చిన్న స్టాప్ స్క్రూ ఉంటుంది. దాని తల మీద స్క్రూడ్రైవర్ గీతలు కొత్తగా మెరుస్తున్నాయా? ‘ఐడ్లింగ్ తక్కువుంది, జర పెంచిన’ అంటూ దాన్ని తిప్పే అలవాటు కార్బురేటర్ రోజుల నుంచి వచ్చింది. ఈ బండ్లలో అది కంపెనీ సెట్ చేసి వదిలేసేది. దాన్ని తిప్పితే బిళ్ల పూర్తిగా మూసుకోదు, టీపీఎస్ వోల్టేజీ పెరుగుతుంది, డ్రైవర్ ఇంకా పెడల్ మీదే కాలు పెట్టాడని ఈసీయూ అనుకుంటుంది. సెన్సార్ ఏ తప్పూ చేయకుండా నింద మోస్తుంది. ఎవరైనా దాన్ని తిప్పారా అని మీ మెకానిక్‌ను మెల్లగా అడగండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు మీటర్. డయల్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. కప్లర్ తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి వైరు దూరే రబ్బరు సందులోకి గుండుసూదిని వైరు పక్కగా జొనిపితే లోపలి పిన్నుకు తగులుతుంది. వైరు తొడుగును మాత్రం సూదితో పొడవొద్దు, వచ్చే వానాకాలానికి ఆ రంధ్రంలోంచే తుప్పు మొదలవుతుంది. రెండు సూదులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, చున్నీ, చేతులు దూరంగా ఉంచండి.

మీటర్ నల్ల వైరును బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, కప్లర్ మూడు వైర్ల దగ్గరా సూది జొనిపి, ఎర్ర వైరుతో ఒక్కొక్కటిగా చూడండి. ఒకదాని మీద దాదాపు 5 వోల్టులు రావాలి. ఒకదాని మీద దాదాపు సున్నా రావాలి, అది ఎర్త్. మిగిలినది సిగ్నల్. ఏ రంగు వైరు ఏదని ఇంటర్నెట్‌లో వెతకాల్సిన పని లేదు, కంపెనీకో రంగు, మోడల్‌కో వరస. ఎర్త్ మీద 0.1 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఎర్త్ బాగోలేదు, సెన్సార్‌ను అనే ముందు ఆ వైరును చూడాలి. 5 వోల్టులే రాకపోతే అది వైరింగ్ గొడవ, కానీ కంగారుపడి ఈసీయూ పోయిందనుకోవద్దు. అదే 5 వోల్టుల లైన్ మీద ఇంకో సెన్సార్ కూడా ఉండొచ్చు. దాంట్లో షార్ట్ ఉంటే ఇక్కడ కూడా వోల్టేజీ పడిపోతుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) కప్లర్ లాగి, మళ్లీ ఆన్ చేసి చూడండి, 5 వోల్టులు తిరిగొస్తే దొంగ వాడే.

రెండూ సరిగ్గా ఉంటే సిగ్నల్ వైరు మీద ఎర్ర వైరు నిలిపి ఉంచండి. పెడల్ వదిలేసి ఉన్నప్పుడు 0.5 వోల్టు చుట్టుపక్కల ఉండాలి, 0.3 నుంచి 0.9 దాకా మామూలే. పూర్తిగా తొక్కితే 4 నుంచి 4.7 దాకా వెళ్లాలి. ఈ రెండు అంకెలూ సరిపోయాయని సంబరపడి మీటర్ లోపల పెట్టేయకండి. సెన్సార్ బాగుందో లేదో తేల్చేది మధ్యలో జరిగేదే. పెడల్‌ను నత్త నడకలా తొక్కించండి, అడుగు దాకా వెళ్లడానికి అరనిమిషం పట్టాలి. అంకె ఆగకుండా, వెనక్కి పోకుండా పెరగాలి. 0.8, 0.9, 1.0, ఉన్నట్టుండి 0.2, మళ్లీ 1.1 అని కనిపించిందా, పట్టీ అరిగింది. మొదటి పావు వంతులో నాలుగైదుసార్లు ఇలా నెమ్మదిగా వెళ్లి రండి.

చవక డిజిటల్ మీటర్‌తో ఒక చిక్కుంది. అది సెకనుకు రెండు మూడు సార్లే కొత్త అంకె చూపిస్తుంది. క్షణంలో వందో వంతు తెగి అతుక్కునే సిగ్నల్ దాని కంటపడదు. ముల్లు కదిలే పాతకాలం మీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, రేడియోలు, టీవీలు బాగుచేసిన వాళ్ల ఇళ్లలో ఇంకా ఉంటాయి. ముల్లు చిన్నగా జడుసుకున్నా ఇట్టే కనిపిస్తుంది. అది దొరక్కపోతే ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కప్లర్ లాగేసి, సెన్సార్ పిన్నుల మీదే నిరోధం కొలవండి. ఎర్త్ పిన్నుకూ సిగ్నల్ పిన్నుకూ మధ్య ఓమ్స్‌లో పెట్టి పెడల్ మెల్లగా తొక్కిస్తే, ఖాళీ వచ్చిన చోట అంకె ఎగిరి ‘1’ లేదా ‘ఓఎల్’ చూపిస్తుంది.

మీ బండికి మధ్యాహ్నం ఎండలో ఎక్కువని రాశారు. ఆ మాట చాలా విలువైనది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పరీక్ష పాసై, మలక్‌పేట దాకా వెళ్లేసరికి ఫెయిలయ్యే సెన్సార్లు ఉంటాయి. వేడికి ప్లాస్టిక్, లోహం వేర్వేరుగా పెరుగుతాయి, వదులుగా ఉన్న అతుకు తెరుచుకుంటుంది. అందుకే ఇదే పరీక్షను బండి అరగంట నడిపి వచ్చి వెంటనే ఇంకోసారి చేయండి, ఇంజిన్ మీద చేయి కాలకుండా చూసుకుంటూ. లేదా సెన్సార్‌కు కాస్త దూరం నుంచి హెయిర్ డ్రయ్యర్ పట్టండి. అంకె స్థిరంగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ మీద మెల్లగా తట్టండి. తర్వాత సెన్సార్‌ను వదిలేసి, వైరును మాత్రం కప్లర్ దగ్గర నుంచి వెనక్కి జానెడు జానెడు చొప్పున పట్టుకుని కదిలించుకుంటూ పోండి. తట్టినప్పుడు అంకె గెంతితే నేరం సెన్సార్‌ది, వైరు కదిపినప్పుడు గెంతితే వైరుది.

ఇక్కడే మీ ఎల్పీజీ కిట్ వస్తుంది. పాత ఎంపీఎఫ్ఐ బండ్లకు, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న మీలాంటి బండ్లకు, వేసిన చాలా కిట్లలో గ్యాస్ ఎంత వదలాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది. పెడల్ ఎంత తొక్కారో దానికీ తెలియాలి. అందుకు ఫిట్టర్ ఏం చేస్తాడంటే మీ టీపీఎస్ సిగ్నల్ వైరును దారిలో ఒకచోట గీకి, కిట్ వైరును దానికి మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుడతాడు. కొందరు సాల్డరింగ్ చేస్తారు, చాలామంది చేయరు. కిట్ తీసేసినప్పుడు సిలిండర్, రిడ్యూసర్, పైపులు తీస్తారు, ఈ అతుకు దగ్గర మాత్రం కిట్ వైరును కత్తిరించి టేపు చుట్టేసి వదిలేస్తారు. ఆ టేపు జిగురు మన మే నెల ఎండలకు కారిపోతుంది, లోపల పురి విప్పుకుంటుంది. పెడల్ తొక్కినప్పుడు ఇంజిన్ కొంచెం ఊగుతుంది కదా, ఆ ఊపుకు పోగులు విడి, మళ్లీ తగులుతాయి. లక్షణాలన్నీ అరిగిన టీపీఎస్‌వే. స్కానర్‌లో వచ్చేదీ అదే కోడ్. కొత్త థ్రాటిల్ బాడీ వేసినా కుదుపు అలాగే ఉంటుంది.

కాబట్టి సిగ్నల్ వైరును కప్లర్ నుంచి ఈసీయూ వైపు కంటికి కనిపించినంత దూరం అనుసరించండి. కంపెనీ చుట్టిన టేపు గట్టిగా, నీటుగా, పొడవునా ఉంటుంది. మధ్యలో ఎక్కడో బొటనవేలంత ఉబ్బుగా, జిగురు కారుతూ, వేరే రంగు టేపు చుట్టి ఉంటే అదే చోటు. దాన్ని విప్పించి, మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌తో సాల్డరింగ్ చేయించి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే వైరుకు బిగుసుకునే గొట్టం) వేయించండి. ఇలాంటి అతుకులు ఆక్సిజన్ సెన్సార్ వైరు మీద, ఇంజెక్టర్ల వైర్ల మీద కూడా వేసి ఉంటారు, ఒకటి దొరికితే మిగతావీ వెతకమనండి. నన్నడిగితే మీ బండిలో సెన్సార్ కంటే ఈ అతుకు మీదే అనుమానం ఎక్కువ. పనిలో పని, ఆర్‌సీలో ఇంకా ‘పెట్రోల్/ఎల్పీజీ’ అనే ఉందేమో చూసుకోండి. మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి, రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బండిలో కిట్ లేక, కాగితంలో ఉంటే అదో తిరుగుడు.

మీటర్ తేల్చలేకపోతే ఇంకో పాత ఉపాయం ఉంది. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా టీపీఎస్ కప్లర్ లాగేసి, ఖాళీ కాలనీ రోడ్డు మీద కొంచెం దూరం నడపండి. మీ ఇంజిన్ గాలి లెక్కను ప్రధానంగా మ్యాప్ సెన్సార్ ద్వారా కడుతుంది కనుక టీపీఎస్ లేకపోయినా ఒక ఊహా విలువ పెట్టుకుని నడిచేస్తుంది. పికప్ మందంగా ఉంటుంది, చెక్ లైటు వెలుగుతుంది, ఐడ్లింగ్ తేడాగా ఉండొచ్చు. ఇవన్నీ మామూలే. చూడాల్సింది ఒక్కటే: ఆ కుదుపు మాయమైందా? మాయమైతే సెన్సారో దాని వైరో కచ్చితంగా దోషి. కప్లర్ తీసినా అదే కుదుపు ఉంటే టీపీఎస్‌ను వదిలేసి, కాయిల్, ప్లగ్ వైర్లు, పెట్రోల్ ఫిల్టర్ వైపు వెళ్లండి. ఈ పరీక్ష మెయిన్ రోడ్డు మీద మాత్రం వద్దు.

సెన్సారే పోయిందని తేలితే రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాలకు పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోన్లో మోడల్ చెప్పి తెప్పించుకుంటే మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. ముక్క మీద అచ్చు వేసిన నంబరు, కప్లర్ ఆకారం, ఇరుసు దూరే గాడి, ఈ మూడూ కలవాలి. తుక్కు బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సెన్సార్ చవగ్గా ఇస్తానంటారు, వద్దు. ఆ బండీ ఇదే ట్రాఫిక్‌లో తిరిగింది, దాని పట్టీ కూడా అదే పావు వంతులో అరిగి ఉంటుంది. డబ్బా మీద పేరు మాత్రమే ఉండి లోపల డూప్లికేట్ ఉండే ప్రమాదం ఉంది కాబట్టి బిల్లు తీసుకోండి. దుకాణంలోనే, గాడిని వేలితో తిప్పుతూ ఓమ్స్ కొలవొచ్చు. దుకాణదారు వింతగా చూస్తే చూడనివ్వండి.

బిగించే పని మెకానిక్‌కే ఇవ్వండి, పక్కన నిలబడండి. పాత స్క్రూల తలలు మెత్తవి, సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే అరిగిపోయి డ్రిల్ వేయాల్సి వస్తుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే మంచిది. కొత్తది పెట్టేటప్పుడు గాడిలో ఇరుసు కూర్చోబెట్టి, స్ప్రింగు బలానికి ఎదురుగా కొంచెం తిప్పి స్క్రూలు వేయాలి. అటుది ఇటు పెట్టి బలవంతంగా బిగిస్తే లోపల ముల్లు విరుగుతుంది. స్క్రూ రంధ్రాలు కోలగా ఉన్న రకం అయితే, మీటర్ చూస్తూ మూసిన స్థితిలో వోల్టేజీ సరిగ్గా వచ్చే చోట బిగించాలి. విప్పినప్పుడే బిళ్ల చుట్టూ ఉన్న మసి కూడా థ్రాటిల్ క్లీనర్‌తో గుడ్డ తడిపి తుడిపించండి. డబ్బాను నేరుగా ఇరుసు చివరల మీదికి కొట్టనివ్వద్దు, ఆ ద్రవం సెన్సార్ లోపలికి దిగుతుంది. తర్వాత కోడ్ చెరిపేసి, ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. ఈసీయూ కొత్త అంకెలకు అలవాటు పడేదాకా ఒకటి రెండు రోజులు ఐడ్లింగ్ కొంచెం అటూ ఇటూ ఉంటే పట్టించుకోవద్దు.

ఇదంతా అయ్యేలోపు ఆఫీసుకు ఈ బండిలోనే వెళ్లక తప్పకపోతే ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి, దూకినట్టు అనిపించగానే క్లచ్ తొక్కండి. నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోతే బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడి తర్వాత రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది. బ్రేకును పదేపదే పంప్ చేయకుండా ఒకే పట్టున గట్టిగా తొక్కి ఎడమ పక్కకు తీయండి.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. మీరు రాసుకున్న అంకెల కాగితం ఆయన ముందు పెట్టి ‘మూసినప్పుడు ఇంత, తెరిచినప్పుడు ఇంత, ఇక్కడ పడిపోతోంది, ఈ వైరు మీద ఈ అతుకుంది’ అని చెప్పండి. మంచివాడైతే ఆ కాగితం చూసి ఆసక్తిగా కూర్చుంటాడు. ‘అవన్నీ మీకెందుకమ్మా, బాడీ మార్చేద్దాం’ అంటే వేరే మెకానిక్‌ను చూసుకోండి. ఇక అమ్మే సంగతి: ఇలా కుదుపుతున్న బండిని చూపిస్తే కొనేవాడు రిపేరు ఖర్చుకు రెండింతలు ధర కోస్తాడు. అమ్మాలనే ఉంటే బాగు చేయించాకే అమ్మండి.